తొట్టెల కంటే ముందు తల్లి కంచం



గత మాసం ఒకనాడు అస్ర్ నమాజు అనంతరం మదరసా వసారాలో కూర్చుని ఉండగా మా విద్యార్థి ఒకని తండ్రి వచ్చి, సలాం చేసి, ఎదుట కూర్చున్నారు. వారికి ఊరి పొలిమేరలో మూడెకరాల మెట్ట ఉంది. వాన కురిసిన ఏడు వేరుశనగ పండిస్తారు, కురవని ఏడు ఆటో తోలుతారు. మా అనంతపురం సీమలో వారు ఆటో తోలిన సంవత్సరాలే ఎక్కువ.

ఆయన జేబులోనుండి నాలుగు మడతల కాగితం తీసి నా చేతికిచ్చారు. "హజ్రత్, పెద్దమ్మాయికి వచ్చే నెల కాన్పు. మొదటి కాన్పు గనుక మా ఇంట్లోనే. తిరిగి అత్తవారింటికి పంపేటప్పుడు బిడ్డతోపాటు ఇవన్నీ పంపాలట. ఏవి కొనాలో, ఏవి మానవచ్చో మీరు చెప్పండి. మీ మాటయితే ఇంట్లోవాళ్లు వింటారు" అన్నారు.

కాగితం విప్పి చదివాను. చక్రాల తొట్టెల, పరుపు–దిండ్లు, తోపుడు బండి, వాకర్, అరడజను పాలసీసాలు, ఆ సీసాలను ఆవిరి పట్టే యంత్రం, డైపర్ల పెట్టె, పౌడరు–నూనె–షాంపూల కానుక పెట్టె, పట్టుబట్టలు, వెండి ఉగ్గుగిన్నె, బంగారు గొలుసు, చివరగా ఛట్టీ విందు. మొత్తం పన్నెండు పద్దులు. అడుగున కూడిక వేసి ఉంది: 62 వేల రూపాయలు. పెళ్లినాటి బాకీ ఇంకా తీరలేదు. భార్య చేతికి మిగిలిన ఒక్క జత గాజులను వడ్డీకి తాకట్టు పెట్టాలన్నది ఆయన ఆలోచన.

"అమ్మాయి ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగాను.

"నీరసంగా ఉంటోంది హజ్రత్. ఆసుపత్రిలో రక్తం తక్కువగా ఉందన్నారు" అంటూ ఫోనులో కార్డు ఫొటో చూపారు. హిమోగ్లోబిన్ 8 అని రాసి ఉంది. గర్భిణికి అది కనీసం 11 ఉండాలి.

జాబితాను మళ్లీ పైనుండి కిందికి చదివాను. పన్నెండు పద్దుల్లో తల్లి కోసం రాసినది ఒక్కటీ కనిపించలేదు.

రెండు కాన్పులు, ఒకే పాఠం

పసిబిడ్డ కోసం ఏం సిద్ధం చేయాలన్న ప్రశ్నకు జవాబు వెదికినప్పుడల్లా నాకు దివ్యఖుర్ఆన్‌లోని ఇద్దరు తల్లులు గుర్తుకు వస్తారు.

ఒకరు హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం). నొప్పులు వచ్చిన వేళ ఆమెకు తోడు ఎవరూ లేరు. ఖర్జూరపు చెట్టు మొదలే ఆమెకు ఆసరా. లోకప్రభువు ఆ సమయంలో ఆమెకు ఏం ప్రసాదించాడో మర్యమ్ అధ్యాయం తెలుపుతోంది. కాళ్ల చెంత నీటి ఊట, కొమ్మనుండి రాలే పండు ఖర్జూరాలు. తినమని, తాగమని, కన్నులు చల్లబరచుకోమని ఊరడింపు. జన్మించబోయేది ఒక ప్రవక్త. అయినా మొదట అందినది ఆయన తల్లికి ఆహారం, నీరు, ధైర్యం.

రెండవవారు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తల్లి. మగబిడ్డలను వధిస్తున్న ఫిరౌను రాజ్యంలో ఆమె ప్రసవించింది. ఖసస్ అధ్యాయంలో ఆమెకు అందిన మొదటి ఆదేశం బిడ్డకు పాలివ్వమన్నదే. పెట్టెలో ఉంచి నదిలో విడవడం ఆ తరువాతి మాట. ప్రాణాపాయం తలుపు తడుతున్నప్పుడు సైతం తల్లిపాలదే ముందు వరుస.

ఇక బఖరా అధ్యాయం 233వ వాక్యం తల్లులు పూర్తిగా రెండేళ్లు పాలివ్వడాన్ని ప్రస్తావించి, ఆ తల్లి తిండి, బట్ట తండ్రి బాధ్యత అని నిర్ణయించింది. మదరసాలో ఈ వాక్యం బోధించేటప్పుడు ఒక పదం వద్ద నేను తప్పక ఆగుతాను. అక్కడ తండ్రిని నేరుగా 'తండ్రి' అనలేదు, 'అల్ మౌలూద్ లహు' అన్నారు. అంటే 'ఎవరి కొరకు బిడ్డ పుట్టాడో అతడు' అని అర్థం. బిడ్డ ఎవరి వంశమో, ఖర్చు వారిదే. ఇందులో అమ్మాయి తండ్రికి జాబితా పంపే అధికారం ఎక్కడుంది? సోదరులారా, ఆలోచించండి.

కొనవలసిన మొదటి వస్తువు

కనుక ఆ సోదరుని కాగితం వెనక్కి తిప్పి, కొత్త జాబితా రాయడం మొదలుపెట్టాను. మొదటి పంక్తిలో 'అమ్మాయి ఆహారం' అని రాశాను.

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. రక్తం తక్కువైన తల్లికి కాన్పులో జరిగే కొద్దిపాటి రక్తస్రావం కూడా ప్రమాదమే. ఆమె బిడ్డ బరువు తక్కువగా, నెలలు నిండకుండా పుట్టే అవకాశమూ ఎక్కువ. అలాంటి ఇంట తొట్టెలకు ఆరువేలు పెట్టి, గుడ్డుకు ఆరు రూపాయలు లేవనడం ఎంత విచారకరం!

ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలను మానకుండా వాడాలి. టీతో కలిపి మింగితే ఇనుము ఒంటబట్టదు. నిమ్మరసం దానికి తోడ్పడుతుంది. గుడ్లు, మాంసం, ఆకుకూరలు, రాగి సంగటి, వేరుశనగ, బెల్లం మన సీమకు పరాయివి కావు. అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఇచ్చే పాలు, గుడ్లు, పొడి సరుకులు ఆమె హక్కు. వాటిని తెచ్చి ఇంటిల్లిపాదీ పంచుకోవడం ఆమె నోటి ముద్ద తీసుకోవడమే. కార్డుపై 8 అని ఉన్నవారికి ఆహారం ఒక్కటే చాలదు. మరిన్ని మందులు అవసరమేమో అడగడానికి ఆమెను వెంటనే డాక్టరు వద్దకు తీసుకువెళ్లాలి. ఆ సోదరునికి ఇదే మాట గట్టిగా చెప్పాను.

కాన్పు తరువాత మరొక అన్యాయం జరుగుతుంది. పథ్యం పేరిట బాలింతకు కారప్పొడి అన్నం పెట్టి, నీళ్లు సైతం కొలిచి పోస్తారు. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీరు కావాలి. నా తప్పు కూడా చెప్పుకుంటాను. మా మొదటి బిడ్డ పుట్టినప్పుడు నేను అప్పు చేసి నగిషీ చెక్కిన తొట్టెల తెచ్చాను. వచ్చినవారందరూ దాన్ని మెచ్చుకున్నారు. ఆ నలభై రోజులూ నా భార్య పథ్యమన్నం తిని, పాలు చాలక రాత్రుళ్లు బిడ్డతోపాటు ఏడ్చింది. ఆమె కంచంలో ఏముందో నేను ఒక్కనాడూ చూడలేదు. ధర్మశాస్త్రం చదివినవాణ్ణి, 233వ వాక్యం కంఠస్థం వచ్చినవాణ్ణి! ఈనాటికీ ఆ తొట్టెల తలపుకు వస్తే నాకు సిగ్గు కలుగుతుంది.

బిడ్డకు నిజంగా కావలసినవి

రెండవ పంక్తి నుండి బిడ్డ వస్తువులు రాశాను. అవి కొన్నే.

మెత్తని పాత నూలు బట్టలు రెండు డజన్లు. పాత చీరలు, లుంగీలు ఉతికి, ఎండలో ఆరబెట్టి, చతురస్రాలుగా కత్తిరించుకుంటే చాలు. ముందువైపు ముడివేసే నూలు జుబ్బాలు ఆరు. మన పీఠభూమిలో చలికాలపు రాత్రులు వణికిస్తాయి కనుక ఒక టోపీ, రెండు జతల మేజోళ్లు. పడుకోబెట్టడానికి గట్టిగా, చదునుగా ఉండే ఒక బొంత. గొడుగులా విచ్చుకునే దోమతెర. ఒక థర్మామీటరు. నెల నిండని బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలు తాకినా, ఒళ్లు చల్లబడినా, పాలు మానేసినా ఇంటి వైద్యం చేయక ఆసుపత్రికి పరుగెత్తాలి. అందుకోసం మూడు నాలుగు వేల రూపాయలు విడిగా మూటగట్టి ఉంచాలి. అర్ధరాత్రి ఆ మూట చేసే మేలు బంగారు గొలుసు చేయదు.

చీరతో కట్టిన ఉయ్యాల మంచిదే. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉన్నంతసేపు అందులో ఊపండి. దీర్ఘనిద్రకు మాత్రం చదునైన పక్కపై వెల్లకిలా పడుకోబెట్టడం క్షేమం. మెత్తటి దిండ్లు, పక్కన పేర్చే బొమ్మలు బిడ్డ ముక్కుకు అడ్డుపడి ఊపిరాడకుండా చేయగలవు. ఆ పద్దు కొట్టివేశాను.

ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే ఖర్చు మరింత తగ్గుతుంది. కాన్పు, మందులు, తల్లికి భోజనం ఉచితం. ఇంటికి చేర్చడానికి తల్లీబిడ్డ వాహనం ఉంది. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ బేబీ కిట్, తెలంగాణలో 2017 నుండి కేసీఆర్ కిట్ పేరిట దోమతెర, సబ్బు, బట్టలు వంటివి ప్రభుత్వాలే ఇచ్చిన సందర్భాలున్నాయి. మీ ఆసుపత్రిలో ప్రస్తుతం ఏం ఇస్తున్నారో ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకున్న తరువాతే దుకాణానికి వెళ్లండి. చల్లని దేశమైన ఫిన్లాండ్‌లో 1938 నుండి పేద తల్లులకు, 1949 నుండి తల్లులందరికీ ఇలాంటి పెట్టె ఇస్తున్నారు. బట్టలు తీసివేస్తే ఆ అట్టపెట్టే బిడ్డకు పక్క అవుతుంది. అయితే ఆ పెట్టె కావాలంటే తల్లి నాలుగవ నెల ముగిసేలోగా వైద్యపరీక్ష చేయించుకోవాలన్న నియమం పెట్టారు. అక్కడా తల్లి ఆరోగ్యమే ముందు, పెట్టె తరువాత.

బిడ్డ రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుడితే యంత్రాల కోసం హైరానా పడేవారున్నారు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఇంక్యుబేటర్లు చాలక, వైద్యులు బిడ్డలను తల్లుల గుండెలకు హత్తించి కట్టారు. కంగారూ పద్ధతి అని పేరొందిన ఆ విధానాన్ని నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ తక్కువ బరువు బిడ్డలందరికీ సిఫారసు చేస్తోంది. తల్లి ఒడికి అల్లాహ్ ఇచ్చిన వెచ్చదనం అది. వైద్యుల పర్యవేక్షణ మాత్రం తప్పనిసరి.

కొనకూడనివి

పాలసీసా మన ఇళ్లలో కానుకగా చలామణి అవుతోంది. అయితే పాలసీసాల, పాలపొడుల ప్రచారాన్ని భారతదేశంలో 1992 నాటి చట్టమే నిషేధించింది. సరిగా కడగని సీసా అతిసారానికి దారి. ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ అక్కరలేదు. మే నెల ఎండల్లో సైతం మంచినీళ్లు కూడా వద్దు, పాలలోనే నీరుంది. ఏ కారణం చేతనైనా డాక్టరు వేరే పాలు సూచిస్తే, మన పెద్దల ఉగ్గుగిన్నె ఉండనే ఉంది. గిన్నె, చెంచా మరిగించడం తేలిక. అది వెండిదే కానక్కరలేదు, స్టీలుది చాలు.

వాకర్ వలన బిడ్డ త్వరగా నడుస్తుందన్నది అపోహ. మెట్లపై, పొయ్యి వద్ద జరిగే ప్రమాదాల కారణంగా కెనడా దేశం 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. పౌడరు బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక సుర్మా విషయం కొందరికి కష్టం కలిగించవచ్చు. పెద్దలు ఇస్మిద్ సుర్మా పెట్టుకోవడం సున్నతే. కానీ బజారులో దొరికే సుర్మాలు అనేకం సీసం కలిసినవి. సీసం పసిబిడ్డ మెదడుకు విషం. బిడ్డకు హాని కలిగించడం సున్నత్ కాజాలదు.

తహ్నీక్ విషయమూ చెప్పాలి. దైవప్రవక్త (సఅసం) ఖర్జూరం నమిలి పసిబిడ్డ అంగిటికి రాసేవారు. అది రవ్వంత స్పర్శ, ఆహారం కాదు. శుభ్రమైన చేతితో, ఆరోగ్యవంతులు, డాక్టరును అడిగి చేయవచ్చు. ఖర్జూరం లేదని తేనె నాకించడం మాత్రం ప్రమాదం. ఏడాది నిండని బిడ్డకు తేనె వలన బొట్యులిజం అనే తీవ్రవ్యాధి రాగలదు.

డైపర్లు మధ్యరకం. ప్రయాణానికి, అవసరమైన రాత్రికి వాడండి. రోజుకు ఆరు చొప్పున, ఒకటి పది రూపాయలనుకున్నా, నెలకు 1,800 రూపాయలు. పైగా మన వేడికి ఒరిపిడి, పొక్కులు. బట్టల శుచి పోయి నమాజు తప్పుతుందన్న భయంతో కొనే తల్లులున్నారు. అన్నం తినని మగబిడ్డ దైవప్రవక్త (సఅసం) ఒడిలో మూత్రం పోయగా, ఆయన విసుక్కోక నీళ్లు తెప్పించి చిలకరించారని ఉమ్మె ఖైస్ (రజి) ఉల్లేఖించారు. మన హనఫీ ధర్మవేత్తలు తేలికగా కడగాలన్నారు. నమాజు కోసం ఒక జత బట్టలు విడిగా ఉంచుకుంటే సరిపోతుంది.

మగబిడ్డకు బంగారం, పట్టు తొడిగితే పాపం తొడిగినవారిదని హనఫీ గ్రంథాలు చెబుతున్నాయి. ధర్మవరం మన పక్కనే ఉన్నా, బిడ్డకు నూలే మేలు.

ఖర్చు లేనివి రెండు

ఆ కాగితంపై దుకాణంలో దొరకని రెండు వస్తువులు కూడా రాశాను. ఒకటి టీకాలు. పుట్టిన వెంటనే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్–బి ఉచితంగా ఇస్తారు. రెండవది జనన ధ్రువపత్రం. 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే రుసుము లేదు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన బిడ్డలకు బడి మొదలు పాస్‌పోర్టు వరకు ఈ పత్రమే ఆధారం. పేరు ఉర్దూలో ఎంత అందంగా ఉన్నా తెలుగులో, ఇంగ్లీషులో అక్షరాలు ఒకే తీరుగా ఉండేలా ముందే నిర్ణయించుకోండి. ఒక్క అక్షరం తేడాతో కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నవారు మన మధ్య ఎందరో.

విందు, వడ్డీ, అఖీఖా

ఛట్టీ విందుకు ధర్మంలో ఆధారం లేదు. అఖీఖా ఉంది. అదీ స్తోమత కలిగినవారికే. మగబిడ్డకు రెండు, ఆడబిడ్డకు ఒకటి అన్నది వాడుక. అయితే హసన్, హుసైన్ (రజి)లకు ఒక్కొక్క పొట్టేలునే జబహ్ చేసిన ఉల్లేఖనమూ ఉంది. ఏడవ రోజున వీలు కాకపోతే తరువాత చేయవచ్చు. హజ్రత్ ఫాతిమా (రజి) తమ బిడ్డల తలవెంట్రుకలు తూచి అంత వెండి దానం చేశారు. ఆ బరువు కొద్ది గ్రాములే.

వడ్డీ తీసుకునేవానినే కాక ఇచ్చేవానిని, రాసేవానిని, సాక్షులను కూడా దైవప్రవక్త (సఅసం) శపించారు. బిడ్డ తొలి వస్త్రం వడ్డీ సొమ్ముతో కొనడం మనకు తగునా?

హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో పాలు మాన్పించిన పిల్లలకే భృతి ఇచ్చేవారు. ఒక రాత్రి వర్తకుల బిడారు వద్ద కావలి తిరుగుతూ ఆయన ఒక బిడ్డ ఏడుపు విన్నారు. భృతి కోసం తల్లి గడువుకు ముందే పాలు మాన్పిస్తోందని తెలిసింది. ఆ ఫజ్ర్ నమాజులో ఆయన ఏడుపు వలన పఠనం కూడా స్పష్టంగా వినరాలేదట. ఆ తరువాత పుట్టిన ప్రతి బిడ్డకూ భృతి ప్రకటించారు. ఒక ఖలీఫా తన నియమం వలన తల్లిపాలు ఆగాయని ఏడ్చారు. మన ఆచారాల వలన తల్లుల కంచాలు ఖాళీ అవుతుంటే మనకు కన్నీరు రాదేమి?

కరవు సంవత్సరంలో మక్కాకు వచ్చిన దాదులు తండ్రిలేని ముహమ్మద్ (సఅసం)ను వద్దన్నారు. తండ్రి ఉంటే కానుకలు దక్కుతాయన్నది వారి లెక్క. కానుకలు ఆశించక ఆ బిడ్డను ఎత్తుకున్న హలీమా (రజి) ఇంటనే బర్కత్ కురిసింది. కరవు నేలపై బతికే మనకు ఈ వృత్తాంతం మరింత దగ్గరిది.

ఆ సోదరుడు కాగితం మడిచి వెళ్లిపోయారు. నాలుగు వారాల తరువాత ఖర్జూరాలు పట్టుకుని వచ్చారు. ఆడబిడ్డ. గాజులు తాకట్టు పెట్టలేదు. వియ్యపురాలు నొచ్చుకున్నారని, ఇంకా సరిగా మాట్లాడడం లేదని చెప్పారు. ఆ బాధ ఆయన ముఖంలో ఉంది, దాన్ని నేను తీర్చలేను. "అమ్మాయికి రక్తం 10 దాటింది హజ్రత్. పాలు పుష్కలం. అల్లుడు తానే రోజూ గుడ్లు తెస్తున్నాడు" అని ఆగి, "పాత చీరతో ఉయ్యాల వాళ్ల నానీ కట్టింది" అన్నారు.

అత్తగార్లుగా ఉన్న నా సోదరీమణులకు ఒక్క విన్నపం. మీ ఇంటికి మనుమడో మనుమరాలో వచ్చే వేళ వియ్యాలవారికి జాబితా పంపకండి. కోడలి ఆసుపత్రి కార్డు తెప్పించి చూడండి, ఆమె కంచంలో ఏముందో అడగండి.

అల్లాహ్ మన తల్లులకు ఆరోగ్యాన్ని, మన బిడ్డలకు ధర్మబద్ధమైన ఉపాధిని, మన నేలకు వానను ప్రసాదించుగాక! ఆమీన్.